ట్రిప్పు కోస్తే మిగిలేది 8 లీటర్లే

సంపాదకులు గారికి,

ఆర్టీసీకి నష్టం వచ్చినప్పుడల్లా మొదటి కత్తెర పల్లెవెలుగు మీదే, అందులోనూ మధ్యాహ్నం ట్రిప్పుల మీదే పడుతుంది. లెక్క చూడండి. హనుమకొండ నుంచి రానూపోనూ 40 కిలోమీటర్ల ట్రిప్పు ఒకటి రద్దు చేస్తే, లీటరుకు సుమారు 5 కిలోమీటర్ల చొప్పున మిగిలేది 8 లీటర్ల డీజిలు, కాస్త టైరు అరుగుదల. డ్రైవరు, కండక్టరు జీతాలు, డిపో ఖర్చు ఎక్కడికీ పోవు; మిగిలిన ట్రిప్పుల నెత్తిన పడతాయి. దాంతో కిలోమీటరు ఖర్చు పెరిగి, నిన్నటిదాకా బాగున్న ఇంకో ట్రిప్పు నష్టాల జాబితాకెక్కుతుంది.

నైట్‌హాల్ట్ బస్సు తీసేస్తే ఇంకా చిక్కు. రాత్రి ఊళ్లో ఆగిన బండి పొద్దున్నే నిండుగా బయల్దేరుతుంది. అదే డిపో నుంచి పంపితే ఊరిదాకా ఖాళీగా నడవాలి. ఆలస్యమైతే కాలేజీ పిల్లలు ఆటో ఎక్కుతారు. ఆటోకు అలవాటుపడ్డ ఊరు మళ్లీ బస్సు కోసం ఆగదు.

2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక, డబ్బు తీసుకోకుండా వాళ్లకు కొట్టే జీరో టికెట్టు కూడా రాబడే. ఆ డబ్బు ప్రభుత్వం కట్టాలి. రద్దీలో కండక్టరు టికెట్టు కొట్టకపోతే ఆ ప్రయాణం లెక్కకే రాదు (అక్కలారా, అడిగి తీసుకోండి). ఆ సొమ్ము ఆలస్యమైతే దెబ్బ ముందుగా తగిలేది స్పేర్ పార్టులకు. క్లచ్ ప్లేటు లేక షెడ్డులో నిలిచిన బండి కూడా సర్వీసు కోతే, ప్రకటన లేని కోత.

పరకాల, నర్సంపేట బస్టాండ్లలోనైనా, ఏ ట్రిప్పు ఎందుకు తీసేశారో, దాని కిలోమీటరు రాబడి ఎంతో బోర్డు మీద రాయాలి.

ఇట్లు,
కొందరు ఆర్టీసీ విశ్రాంత ఉద్యోగులు,
హనుమకొండ