మిగతా 97 మంది సంగతేమిటి?

సంపాదకులు గారికి,

నమస్కారం.

విశ్వవిద్యాలయాల ప్రవేశ ప్రకటనలు వచ్చే రోజులివి. ఎందులో చూసినా ‘గ్లోబల్ క్యాంపస్’ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటోంది. దాని కింద విదేశీ వర్సిటీలతో కుదుర్చుకున్న ఒప్పందాల లెక్క. ఇరవై ఆరేళ్లు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఒప్పందాలు పెరిగితే నాకూ సంతోషమే. కానీ వాటి వల్ల ఏటా ఎంతమంది పిల్లలు బయటి దేశాలకు వెళ్లివస్తున్నారో, వెళ్లనివాళ్లకు ఏం నేర్పుతున్నారో ఏ ప్రకటనలోనూ ఉండదు. ఈ ఉత్తరం ఆ వెళ్లనివాళ్ల గురించి.

ప్రపంచం మొత్తం మీద ఉన్నత చదువుల్లో ఉన్నవాళ్లలో వేరే దేశంలో చదువుతున్నది వందకు ముగ్గురు కూడా లేరు. విద్యార్థుల్ని కొంతకాలం వేరే దేశపు వర్సిటీలో చదవడానికి పంపే ఎరాస్మస్ పథకాన్ని యూరప్ దేశాలు 1987లో మొదలుపెట్టినప్పుడు, 11 దేశాల నుంచి ఆ ఏడాది వెళ్లిన విద్యార్థులు 3,244 మంది. తర్వాత ఆ పథకం లక్షల మందికి చేరింది, ఎందరి జీవితాలనో మార్చింది. అంత డబ్బు, అన్ని ప్రభుత్వాల సహకారం ఉన్నచోట కూడా ఎక్కువమంది పిల్లలు డిగ్రీ అంతా ఒకే చోట చదువుకుని బయటపడుతున్నారు. రేపు ఉద్యోగంలో చేరితే వాళ్ల టీమ్‌లో నాలుగు దేశాలవాళ్లు ఉండొచ్చు. ఆసుపత్రిలో డాక్టరైతే తన భాష రాని రోగి ఎదురుగా కూర్చోవచ్చు. దానికి వాళ్లను ఎవరు సిద్ధం చేశారు?

వేరే నేపథ్యాల పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెడితే ఒకరినొకరు వాళ్లే అర్థం చేసుకుంటారని నేనూ చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకం ఎలా పోయిందో చెబుతాను.

రెండో సంవత్సరం విద్యార్థులకు క్యాంపస్‌లో నీటి వాడకం మీద ఒక ప్రాజెక్టు ఇచ్చాను. ఐదుగురు ఒక గ్రూపు. నలుగురిదీ ఒకే భాష, ఐదో అబ్బాయి వేరే దేశం నుంచి వచ్చాడు. సెమిస్టరు చివర రిపోర్టులో అతని భాగం లేదు. ‘ప్రతి మీటింగులోనూ ఓకే అన్నాడు మేడమ్, ఏమీ చేయలేదు’ అన్నారు మిగతావాళ్లు. నేను మార్కులు తగ్గించాను. అతన్ని పిలిచి ఒక్క మాట అడగలేదు.

రెండు వారాల తర్వాత అతనే నా గదికి వచ్చాడు, చేతిలో ఒక నోటుబుక్కుతో. ప్రతి మీటింగు తేదీ రాసి, అర్థమైన రెండు మూడు మాటలు రాసి, మిగతా పేజీ ఖాళీగా వదిలేశాడు. ఆ నలుగురూ గంటసేపు వాళ్ల భాషలో మాట్లాడుకుని, లేచే ముందు ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పేవారట. మరి ఓకే అని ఎందుకన్నావని అడిగాను. ‘వింటున్నాను అని చెప్పాను మేడమ్, చేస్తానని కాదు’ అన్నాడు. అర్థం కాలేదని నలుగురిలో అంటే, చెప్పినవాళ్లకు చెప్పడం రాలేదని తప్పు పట్టినట్టవుతుందని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాడు. అందుకే ఊరుకున్నాడు. అతని మౌనాన్ని వాళ్లు బద్ధకం అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఆ పుస్తకం చివరి పేజీలో ఒక మాట రాసి ఉంది. రోజుకు ఎన్ని లీటర్లు వాడతారని అడిగితే ఎవరూ సరిగా చెప్పలేరు, కుళాయి ఎన్ని నిమిషాలు తిప్పి ఉంచుతారని అడగాలి అని. గ్రూపు చేసిన సర్వేలో సగం జవాబులు పనికిరాకుండా పోయింది సరిగ్గా అక్కడే. ఆ మాట చెప్పగలిగినవాడు పక్కనే కూర్చుని ఉన్నా వాళ్లకు అందలేదు. అతని మార్కులు సరిచేశాను. నా పద్ధతి సరిచేసుకోవడానికి మాత్రం ఇంకో ఏడాది పట్టింది.

కలిసి ఉండటం వేరు, కలిసి పనిచేయడం వేరు అని మనస్తత్వశాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు. రెండు వర్గాల మధ్య దురభిప్రాయాలు తగ్గాలంటే అక్కడ ఇద్దరికీ సమాన స్థాయి ఉండాలి, ఉమ్మడి లక్ష్యం ఉండాలి, ఒకరి సాయం ఒకరికి కావాలి, పైవాళ్ల మద్దతు కనిపించాలి. నా గ్రూపులో ఉమ్మడి లక్ష్యం ఒక్కటే ఉంది, అదీ కాగితం మీద. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో నల్లజాతి, తెల్లజాతి, లాటినో పిల్లలు కొత్తగా ఒకే తరగతిలోకి వచ్చి గొడవలవుతున్నప్పుడు ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త పాఠాన్నే ముక్కలు చేశాడు. గ్రూపులో ఒక్కో పిల్లకు ఒక్కో ముక్క. మిగతావాళ్లు చెప్పేది వినకపోతే ఎవరికీ పాఠం పూర్తికాదు. అంతవరకూ ఎవరూ పట్టించుకోని పిల్లాడి మాట కోసం అందరూ ఆగాల్సి వచ్చింది. ఇందులో విమానం టిక్కెట్టు ఖర్చు లేదు.

తర్వాతి ఏడాది నేనూ కొన్ని మార్చాను. ప్రతి మీటింగులో మొదట మాట్లాడేది ఒక్కోసారి ఒక్కొక్కరు. లేచే ముందు ప్రతివాళ్లూ తాము చేయబోయే పనేమిటో సొంత మాటల్లో చెప్పాలి. ఓకే అంటే చాలదు. చివర్లో, తోటివాళ్లలో ఒకరిని నేను ఎక్కడ తప్పుగా అర్థం చేసుకున్నాను అని ఒక పేజీ రాయాలి, దానికీ మార్కులు. మొదటి నెలంతా ఫిర్యాదులే. టైమ్ వేస్టు అన్నారు, ఒక గ్రూపు విడిపోయింది కూడా. కానీ ఆ చివరి పేజీలు చదువుతుంటే, ఇన్నేళ్లు ఈ పిల్లల్ని ఇది అడగకుండా ఎలా ఉన్నానా అని బాధ కలిగింది. ఒకమ్మాయి రాసింది: ‘తను నెమ్మదిగా మాట్లాడుతుందని నేనే వాక్యం పూర్తిచేసేదాన్ని. సాయం చేస్తున్నాననుకున్నాను. ఒకరోజు చివరిదాకా ఆగితే, నేను పూర్తిచేసేదీ తను చెప్పాలనుకునేదీ వేరని తెలిసింది.’

ఇది విశ్వవిద్యాలయాలకు చేతకాని పనేమీ కాదు. స్వీడన్‌లోని మాల్మో విశ్వవిద్యాలయం 1998లో కొత్తగా మొదలైనప్పుడు విద్యార్థుల్ని పంపడానికి విదేశీ సంబంధాలు ఇంకా ఏర్పడలేదు. ఊరినిండా మాత్రం ఎన్నో దేశాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలున్నాయి. అక్కడ పనిచేసిన బెంగ్ట్ నీల్సన్ ‘ఉన్నచోటే అంతర్జాతీయ చదువు’ అన్న ఆలోచనను ముందుకు తెచ్చాడు. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం 2006 నుంచి రెండు దేశాల అధ్యాపకులు కలిసి ఒకే పాఠం తయారుచేసి, రెండు తరగతుల పిల్లలతో ఆన్‌లైన్‌లో ఉమ్మడి పని చేయించే పద్ధతిని ప్రోత్సహిస్తోంది. వేరే సంస్కృతులవాళ్లను అర్థం చేసుకుని మెలిగే ఈ నైపుణ్యాన్ని పదిహేనేళ్ల పిల్లల్లో, వివిధ దేశాల స్కూలు పిల్లల సామర్థ్యాన్ని పోల్చే పీసా పరీక్షలో 2018లో 27 దేశాలు, ప్రాంతాల్లో కొలిచి చూశారు. స్కూలు పిల్లల దగ్గర ముఖ్యమైన విషయం డిగ్రీకి వచ్చేసరికి ఎందుకు కాకుండా పోవాలి?

ఏడాదికోసారి జరిపే సాంస్కృతిక దినోత్సవం వద్దని నేననను, పిల్లలకు అదో సంతోషం. రెండు క్రెడిట్ల పేపరు ఒకటి పెట్టి పరీక్ష రాయించి వదిలేస్తారేమోనని మాత్రం భయంగా ఉంది. ఎదుటివాడి మాట చివరిదాకా వినడం బట్టీపడితే రాదు. అధ్యాపకులకు ముందు శిక్షణ కావాలి, ఎందుకంటే నాకు ఎవరూ ఇవ్వలేదు, దాని నష్టం ఒక పిల్లాడు భరించాడు. విదేశం వెళ్లివచ్చిన విద్యార్థుల్ని ఫొటో తీసి పంపించేయకుండా, అక్కడ తాము తడబడిన సందర్భాలేమిటో జూనియర్లకు చెప్పే వీలు కల్పించాలి.

మీ పత్రిక ద్వారా విశ్వవిద్యాలయాలకు ఒక విన్నపం. వచ్చే ఏడాది ప్రకటనలో ఒప్పందాల లెక్క పక్కన ఇంకో మూడు లెక్కలు వేయండి: పోయిన ఏడాది నిజంగా వెళ్లివచ్చిన విద్యార్థులెందరు, వేరే దేశం తరగతితో కలిసి పనిచేసిన కోర్సులెన్ని, ఇలాంటి గ్రూపుల్ని నడపడంలో శిక్షణ పొందిన అధ్యాపకులెందరు. మూడో గడిలో సున్నా ఉంటే సున్నా అనే వేయండి. పిల్లల్ని చేర్పించబోయే తల్లిదండ్రులు చూసుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకురాలు