705 మెగాబైట్ల గుమ్మం

మూడు వారాలుగా చెప్పాలనుకుంటూ వాయిదా వేస్తున్నాను. ఎదురుపడి చెబితే "దానికేముందక్కా" అని మెట్లెక్కి వెళ్లిపోతాడు కాబట్టి, నలుగురూ చదివే చోట రాస్తున్నాను. మా మేడ మీద అద్దెకుంటున్న నెల్లూరు తమ్ముడికి, పక్క వాటాలోని బాబాయిగారికి, రిచీ స్ట్రీట్‌లో నా పేరైనా అడగకుండా హార్డ్ డిస్కు చేతిలో పెట్టిన దుకాణదారుకు, ఆగిపోయిన నా ల్యాప్‌టాప్‌ను మళ్లీ లేపినందుకు కృతజ్ఞతలు. మొదటి ఇద్దరూ పేర్లు రాయవద్దన్నారు. మూడో ఆయన పేరు నేనూ అడగలేదు.

నాది ఇంట్లో కూర్చుని తెలుగు పేజీలు కూర్చే పని. చెన్నై పెరంబూరులో ఇరవై ఏళ్లుగా ఇదే బతుకుతెరువు. శుభలేఖలు, కవితా సంపుటాలు, సంఘాల వార్షిక సంచికలు, ఏది వస్తే అది. అచ్చుతప్పులు దిద్దడం కూడా నా పనే. ఈ మాట ఎందుకు చెబుతున్నానో తరువాత తెలుస్తుంది. మా అక్క కొడుకు విదేశం వెళుతూ తన పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి నాకిచ్చాడు. "డిస్కు మొత్తానికి తాళం వేశాను పిన్నీ, ఎవరైనా ఎత్తుకుపోయినా ఒక్క అక్షరం చదవలేరు" అన్నాడు. అప్పటి నుంచి స్క్రైబస్‌లో పేజీలు, మండలి ఫాంటులో అక్షరాలు, నా ప్రపంచం హాయిగా సాగిపోయింది.

ఆ శుక్రవారం నా చేతిలో ఉన్నది 96 పేజీల సంచిక. సోమవారం పొద్దున ప్రెస్సుకు పీడీఎఫ్ ఇవ్వాలి. మద్రాసు తెలుగువారి మీద వ్యాసం సగం కూర్చాను. 1734లో నేతగాళ్ల కోసం కట్టిన పేట చింతాద్రిపేట అయిందనీ, చిన్న తరిపేట అన్నదే ఆ పేరుకు మూలమనీ, తరి అంటే మగ్గమనీ రాసిన పేరా దగ్గర ఆగి, టీ పెట్టుకోవడానికి లేస్తూ అప్‌డేట్ మీట నొక్కాను. తిరిగి వచ్చేసరికి ఎర్ర అక్షరాలు. డివైసులో చోటు లేదని దాని సారాంశం.

చోటు లేదంటే ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. పాత స్కానులు, ఎప్పుడో పూర్తయిన పుస్తకాల బొమ్మలు, దాదాపు 40 జీబీ చెత్తబుట్టలో వేశాను. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే మాట. డిస్కులో 300 జీబీ ఖాళీగా కనబడుతోంది, అది మాత్రం చోటు లేదంటోంది. ఒకసారి ఆపి పెడితే సర్దుకుంటుందేమోనని ఆపి మళ్లీ వేశాను. తెర నల్లబడింది. తెల్ల అక్షరాలు జలజల దిగి, "కెర్నల్ ప్యానిక్" అన్న వరుస దగ్గర ఆగిపోయాయి. రోజూ అడిగే తాళం మాట, అదే పాస్‌వర్డ్, కూడా అడగలేదు. తాళమే అడగని ఇంట్లోకి ఎలా వెళ్లాలి?

తమ్ముడు అప్పటికే సెలవుకని నెల్లూరు రైలెక్కేశాడు. ఫోను చేస్తే రైలు చప్పుడు మధ్య నుంచి మొదట అడిగినది ఒకటే: "అక్కా, పేజీలు బ్యాకప్ ఉన్నాయా?" లేవు. కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "పరవాలేదు. పేజీలకు ఏమీ కాలేదు. మీరు టైపు చేయండి, నేను చెబుతాను. కానీ ఎంటర్ కొట్టే ముందు ప్రతి వరుసా నాకు చదివి వినిపించాలి" అన్నాడు.

మళ్లీ మొదలుపెట్టి, కంపెనీ బొమ్మ కనబడగానే ఎస్కేప్ మీట నొక్కమన్నాడు. గ్రబ్ అనే పట్టిక వచ్చింది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అనే వరుసలోకి వెళితే నాలుగు కెర్నళ్లు ఉన్నాయి. కెర్నల్ అంటే లైనక్స్‌కు గుండెకాయ. పేర్లన్నీ ఒకటే, చివరి అంకెలు మాత్రం వేరు: 91, 94, 97, 101. పైదాన్ని వదిలి 97ను ఎంచుకోమన్నాడు. తాళం మాట అడిగే పెట్టె తెర మీదికి వచ్చినప్పుడు నా ప్రాణం లేచి వచ్చింది.

జరిగినది ఏమిటో ఆ రైల్లోంచే వివరించాడు. నా మాటల్లో చెబుతాను. డిస్కుకంతటికీ తాళం వేశాక, ఆ తాళం తీసే మనిషి లోపల ఉంటే లాభం లేదు కదా. అందుకని బయట చిన్న గది ఒకటి విడిగా కడతారు. అదే బూట్ పార్టిషన్. కెర్నలూ, దాని వెంట ఇనిట్‌ఆర్‌డీ అనే మూటా అందులో ఉంటాయి. తాళం మాట అడిగేదీ, తలుపు తీసేదీ ఆ మూటలోని సరంజామాయే. మా అబ్బాయి లైనక్స్ ఎక్కించిన రోజు ఇన్‌స్టాలర్ తనంతట తానే ఆ గదికి కేటాయించినది 705 మెగాబైట్లు. అప్పట్లో అది ధారాళమే. కానీ కొత్త కెర్నల్ వచ్చిన ప్రతిసారీ పాతవి అక్కడే ఉండిపోయాయి. గ్రాఫిక్స్ కార్డు డ్రైవరు కూడా వచ్చి చేరడంతో ఒక్కో మూట 190 మెగాబైట్లకు ఉబ్బింది. 101కి కెర్నల్ వచ్చింది, మూట కట్టడానికి చోటు చాలలేదు. మూట లేని కెర్నల్‌కు డిస్కు ఎక్కడుందో తెలియదు, అందుకే గుండె ఆగినట్టు ఆగిపోయింది. ఇల్లంతా ఖాళీ, గుమ్మంలో తొక్కిసలాట. నేనేమో వెనక గదులు ఊడ్చుకుంటూ కూర్చున్నాను.

(ఆ 40 జీబీ ఇంకా చెత్తబుట్టలోనే ఉంది. ఖాళీ చేయడం మరిచిపోయినందుకు నన్ను నేను మెచ్చుకోవడం అదే మొదటిసారి.)

ఆజ్ఞలు టైపు చేసే నల్ల తెర తెరిచాను. ముందు యూనేమ్ హైఫన్ ఆర్. ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ ఏదో చెప్పే ఆజ్ఞ అది. జవాబును కాగితం మీద రాసి గుండ్రంగా చుట్టమన్నాడు. "ఆ చుట్టిన దాని జోలికి మాత్రం పోకూడదు." తరువాత డీఎఫ్ హైఫన్ హెచ్ స్లాష్ బూట్. బూట్ గది ఎంత నిండిందో చెప్పే ఆజ్ఞ అది. 98 శాతం నిండింది, మిగిలింది 17 మెగాబైట్లు. పాత కెర్నళ్లను తీసేయమని, ప్రోగ్రాములు ఎక్కించి దించే ఆప్ట్‌ను అడిగితే, సగంలో ఆగిన పని ముందు పూర్తి చేయమంది. పూర్తి చేయబోతే చోటు లేదంది. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు.

"ఒక పాత మూటను చేత్తో పక్కకు తీద్దాం అక్కా. చెరపడం వద్దు, మీ హోమ్ ఫోల్డరులోకి తరలిద్దాం. పొరపాటైతే వెనక్కి పెట్టుకోవచ్చు." అన్నిటికంటే పాతది 91. దాని ఇనిట్‌ఆర్‌డీని తరలించే వరుస అక్షరం అక్షరం చెప్పాడు, నేను టైపు చేశాను. సుడో, ఖాళీ, ఎంవీ, ఖాళీ, స్లాష్ బూట్ స్లాష్... "అయింది. ఇప్పుడు ఎంటర్ మాత్రం" అన్నాడు. ఫోను తెగిపోయింది.

సూళ్లూరుపేట దాటాక సిగ్నల్ ఉండదట. నాకేం తెలుసు? ఎంటర్ మాత్రం కొట్టండి అనబోయాడా, కొట్టవద్దు అనబోయాడా? వేలు మీట మీద ఉంది. వంటింట్లో టీ చల్లారిపోయి మీగడ కట్టింది. ప్రెస్సు నుంచి ఎన్నో పేజీ వరకు వచ్చిందని సందేశం. కర్సరు ఆ వరుస చివర మినుకు మినుకుమంటోంది. ఇరవై నిమిషాలు అలాగే కూర్చున్నాను. చేతిని ఒళ్లో పెట్టుకుంటే మళ్లీ దానంతటదే మీట మీదికి పోయేది.

నాయుడుపేటలో ఫోను మోగింది.

"కొట్టారా?"

"లేదు."

"చదవండక్కా."

చదివాను. చివర 97 అని చదివాను. అటువైపు చప్పుడు లేదు. "చుట్టిన అంకె ఎంత?" అన్నాడు. 97. నా కాగితం మీద 91లో ఒకటీ, 97లో ఏడూ పక్కపక్కన పెట్టి చూస్తే కవలలు. నేను రాసుకున్నదే నేను తప్పు చదివి, ఇప్పుడు నన్ను మోస్తున్న కెర్నల్ మూటనే పీకి పక్కన పెట్టబోయాను. పక్కవారి వ్యాసాల్లో అచ్చుతప్పులు పట్టి డబ్బు తీసుకునే దాన్ని! అతను నవ్వలేదు, విసుక్కోలేదు. "వెనక్కి చెరిపి ఒకటి కొట్టండి. మళ్లీ చదవండి" అన్నాడంతే.

మళ్లీ చదివాను. కొట్టాను. తరువాత ఆప్ట్ హైఫన్ ఎఫ్ ఇన్‌స్టాల్. ఈసారి వరుసలు ఆగకుండా దిగాయి. 101కి మూట కట్టింది. ఆ తరువాత 91నూ 94నూ పద్ధతి ప్రకారం పర్జ్ చేయించాడు, అంటే పూర్తిగా తీసేయించాడు. అవి వాటంతటవే ఎందుకు పోలేదంటే, మా అబ్బాయి మొదట్లో వాటిని చేత్తో ఎక్కించాడట. చేత్తో పెట్టినవాటిని అక్కరలేనివాటిని ఏరి తీసేసే ఆటోరిమూవ్ ముట్టుకోదు. మా అబ్బాయి చెవిలో ఈ మాట వేశాను, "అవునా పిన్నీ" అన్నాడు. డీఎఫ్ 64 శాతానికి దిగింది. రీస్టార్ట్ చేస్తే తాళం మాట అడిగింది. రాత్రి తొమ్మిదిన్నరకు మళ్లీ చింతాద్రిపేట మగ్గాల దగ్గరికి చేరాను. సోమవారం పీడీఎఫ్ వెళ్లింది.

నేను ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఆ పద్ధతి. కంప్యూటర్ చెడితే ఇప్పటివరకు నాకు సాయం చేసినవారంతా "మీరు లేవండి, నేను చూస్తాను" అని కుర్చీ లాక్కున్నవారే. పని అయ్యేది, ఏం చేశారో నాకు తెలిసేది కాదు, మరుసటిసారి మళ్లీ వారి కాళ్లే పట్టుకోవాలి. తమ్ముడు మాత్రం రెండు గంటలు నా వేళ్లతోనే పని చేయించాడు. ఆదివారం రాత్రి తిరిగి వచ్చి, ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉన్నా, నా పక్కన నిలబడే మాట్లాడాడు.

ఆ రాత్రే అసలు సంగతి బయటపెట్టాడు. మూట మళ్లీ కట్టేటప్పుడు పాతదాన్ని తీసి కట్టదట. పక్కన కొత్తది రాసి, అంతా అయ్యాక పేరు మారుస్తుంది. అంటే ఎప్పుడూ ఒక మూటకు సరిపడా అదనపు చోటు ఉండాలి. మూడో కెర్నల్ వచ్చిందంటే మళ్లీ శుక్రవారం నాటి కథే. మూటలను గట్టిగా కుదించి కట్టవచ్చు. ఈ ఒక్క యంత్రానికి కావలసిన డ్రైవర్లను మాత్రమే పెట్టమనీ చెప్పవచ్చు. రెండో దారి బాబాయిగారికి నచ్చలేదు. ఆయన ఐసీఎఫ్‌లో రైలు పెట్టెలు కట్టి రిటైరయ్యారు. "రేపు ఈ డిస్కు తీసి ఇంకో ల్యాప్‌టాప్‌లో పెడితే?" అన్నారు. లేవకపోవచ్చని తమ్ముడు ఒప్పుకున్నాడు. "అయితే గది పెంచు" అన్నారాయన, బోగీకి బెర్తులు పెంచమన్నంత తేలిగ్గా.

పెంచాలంటే చిక్కు ఉంది. బూట్ గది పక్కనే తాళం వేసిన పెద్ద గది మొదలవుతుంది. దాని ముందు గోడ జరపాలంటే లోపలి సరుకంతా జరగాలి, మధ్యలో కరెంటు పోతే అంతే సంగతులు. అందుకని గోడ జరపకుండా, డిస్కు చివర కొత్తగా 2 జీబీ గది కట్టి బూట్‌ను అక్కడికి మార్చాలని నిర్ణయించాడు. బ్యాకప్ లేకుండా మీట ముట్టనన్నాడు. సోమవారం ప్రెస్సు పని అవగానే రిచీ స్ట్రీట్‌కు వెళ్లాను. చింతాద్రిపేట ఆ పక్కనే. ఒక్క మగ్గమూ కనబడలేదు గానీ, రాసిన పేరా గుర్తుకొచ్చింది. దుకాణదారు నా కథంతా అరవంలో విని, వాడిన ఒక టీబీ డిస్కు తీసి, "పని అయ్యాక తెచ్చివ్వండి, నచ్చితే కొనండి" అన్నాడు. బయానా కూడా తీసుకోలేదు.

మరుసటి శనివారం బాబాయిగారు తమ యూపీఎస్‌ను తువ్వాలులో చుట్టి, ఎవరినీ పట్టుకోనివ్వకుండా మోసుకొచ్చారు. బ్యాకప్‌కు గంటన్నర. తరువాత పెన్ డ్రైవ్ నుంచి లైనక్స్ నడిపి, లోపలి నుంచి బయటికి వరుసగా తగ్గించుకుంటూ వచ్చాం: ముందు ఫైల్ సిస్టమ్, తరువాత లోపలి చోటును పంచే ఎల్‌వీఎం, తరువాత తాళం పొర, చివర పార్టిషన్. "ప్రయాణికులు దిగకుండా పెట్టె కోయరమ్మా" అని బాబాయిగారు వ్యాఖ్యానం. కొత్త గదికి ఫైళ్లు నకలు చేసి, ఏ గది ఎక్కడ తగలాలో చెప్పే ఎఫ్‌స్టాబ్‌లో కొత్త గది గుర్తింపు అంకె రాసి, గ్రబ్‌ను మళ్లీ పెట్టించాడు. ఆ పొడుగాటి అంకెను నేను మూడుసార్లు చదివాను, బాబాయిగారు కళ్లజోడు మార్చుకుని నాలుగోసారి చదివారు. డీఎఫ్ 23 శాతం చూపింది. డిస్కు తిరిగి ఇవ్వబోయి కొనేశాను.

మొన్న బుధవారం రాత్రి ఇంకో కెర్నల్ వచ్చింది. కాగితం తీసి, పాత అంకెలు స్పష్టంగా రాసుకుని, చుట్టాల్సిన దాన్ని చుట్టి, తీసేయాల్సినదాన్ని నేనే తీశాను. ఒక్క ఎర్ర అక్షరం లేదు. ఆ సంతోషం పట్టలేక పదిన్నరకు మేడ మీదికి ఫోను చేశాను. అంతా విన్నాడు.

"మొదలుపెట్టే ముందు బ్యాకప్ తీశారా అక్కా?"

ఏమీ చెప్పకుండా లేచి, బీరువాలోంచి డిస్కు తెచ్చి తగిలించాను.