పిజ్జా ముక్కలమ్మే షాపు మంచిదే, అందులో ఏముందో బోర్డు మీద రాయండి

సంపాదకులు గారికి నమస్కారం అండి,

మాది ఒడిశాలోని బరంపురం, ఇంట్లోనే అప్పడాలూ పచ్చళ్ళూ చేసి అమ్ముకునే కుటుంబం, మా అత్తగారి కాలం నుంచీ ఇదే పని. మా ఊళ్ళో కొత్తగా వచ్చిన ఒక షాపు గురించి రాయాలనిపించింది, కాస్త పెద్దదైనా వెయ్యమని మనవి.

కాలేజీ పిల్లలు తిరిగే రోడ్డులో ఏడాది కిందట ఒకబ్బాయి చిన్న షాపు పెట్టాడు. పిజ్జా ముక్కల లెక్కన, పక్కనే ఐస్‌క్రీమ్ స్కూపుల లెక్కన అమ్ముతాడు. నాలుగు స్టూళ్ళు, ఒక అద్దాల పెట్టె, వెనకాల ఓవెను, అంతే. అబ్బాయిది ఒడియా ఇల్లే గానీ తెలుగు చక్కగా మాట్లాడతాడు, నన్ను మావుసీ, అంటే పిన్నీ, అని పిలుస్తాడు. న్యూయార్క్‌లో ఇలాగే అమ్ముతారంట, 18 అంగుళాల పిజ్జా చేసి 8 ముక్కలు కోసి పేపర్ ప్లేట్లో పెట్టి చేతికిచ్చేస్తారు, రోమ్‌లో అయితే కత్తెరతో కత్తిరించి తూకం వేసి ఇస్తారంట. మా వాడు కూడా 18 అంగుళాలదే చేస్తాడు. అందులో ఒక ముక్క, 6 అంగుళాల పూర్తి పిజ్జా కంటే కొంచెం ఎక్కువే వస్తుందని మా పెద్ద మనవడు వైశాల్యం లెక్కేసి చూపించాడు, నేను నమ్మక మళ్ళీ వేయించాను, నిజమే.

నాకు ఈ ముక్క పద్ధతి ఎందుకు నచ్చిందో చెప్తాను. డబ్బాలో ఇచ్చే పూర్తి పిజ్జా అంటే మూడొందలో నాలుగొందలో అవుతుంది, నలుగురు పిల్లలు కలిసి వెళ్తే నలుగురూ చందా వెయ్యాలి, ఒకడి దగ్గర లేకపోతే వాడు కడుపునొప్పి అనో ట్యూషన్ ఉందనో చెప్పి వెళ్ళిపోతాడు. మా పెద్ద మనవడే ఒకప్పుడు అలా వచ్చేసేవాడు, తర్వాత ఎప్పుడో నాకు తెలిసి ఏడుపొచ్చింది. ఇక్కడ 60 రూపాయలుంటే ఒక ముక్క, ఎవరిది వాళ్ళు కొనుక్కుంటారు, ఎవరూ ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. అసలు మన ఊరి తిండే అంత కదా, ఒక బరా, అంటే వడ, కావాలంటే ఒకటే పెడతారు, అర ప్లేటు ఘుగుని, అదే బఠాణీ కూర, అడిగితే అర ప్లేటే ఇస్తారు, కొద్దిగా కొనుక్కునేవాణ్ణి చులకనగా చూసే అలవాటు మన దగ్గర లేదు. అందుకే ఆ షాపు నిలబడాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. మా చిన్న మనవరాలు పాలు తాగదు, గ్లాసు చూస్తేనే మొహం తిప్పేస్తుంది. పోనీ ఐస్‌క్రీమ్ రూపంలో అయినా నాలుగు పాలచుక్కలు లోపలికి వెళ్తాయి కదా అని వేసవంతా వారానికి రెండు సార్లు అక్కడికి తీసుకెళ్ళాను. ఒకరోజు ఊరికే అడిగాను, బాబూ ఇది పాలదేనా అని. స్కూపు వేసే కుర్రాడికి తెలీదు. షాపు అబ్బాయే వచ్చి లోపల్నుంచి డబ్బా తెచ్చి చూపించాడు, దాని మీద ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉంది, కింద చిన్న అక్షరాల్లో వెజిటబుల్ ఫ్యాట్ ఉందని రాసుంది. మూడు నెలలు నేను పాలనుకుని పెట్టింది నూనె కొవ్వు. అందులో పాలపొడి కొంత ఉండొచ్చు, తింటే ఏదో అయిపోతుందని నేను అనట్లేదు, కానీ గోడ మీద బోర్డులో మాత్రం ఐస్‌క్రీమ్ అనే ఉంది.

రూల్ చాలా స్పష్టంగా ఉందండి. ఐస్‌క్రీమ్ అని పేరు పెట్టాలంటే అందులో పాల కొవ్వు 10 శాతానికి తగ్గకూడదు, మీడియం ఫ్యాట్, లో ఫ్యాట్ అని తక్కువవి వేరే ఉన్నాయి, వాటికి ఆ మాట రాయాలి. పాల కొవ్వు బదులు పామాయిల్ లాంటిది వేస్తే అది ఫ్రోజెన్ డెజర్టే. డబ్బా మీద కంపెనీవాళ్ళు రాస్తున్నారు, కానీ స్కూపు కొనేవాళ్ళకి డబ్బా కనపడదు కదా, అది ఫ్రీజర్ లోపల ఉంటుంది. పిజ్జా మీద చీజ్ సంగతీ అంతే. పాల చీజ్ ఉంది, నూనె, పిండి కలిపి చేసే అనలాగ్ అని ఇంకోటుంది, ఓవెన్లో కరిగాక రెండూ మనలాంటి వాళ్ళ కంటికి ఒకేలా ఉంటాయి. మా వాడు సగం సగం కలుపుతున్నానని దాచకుండా చెప్పాడు, పూర్తిగా పాలదే వేస్తే 60కి ఇవ్వలేను మావుసీ అన్నాడు. ఆ మాట నాకు అర్థమైంది, నేనూ వ్యాపారం చేసేదాన్నే. చౌకది అమ్మడం తప్పు కాదు. పేరు మార్చి అమ్మితేనే తప్పు.

మేము చేసే అప్పడాల ప్యాకెట్ మీద ఏముండాలో తెలుసా, ఏం పిండి, ఏం నూనె, ఎంత బరువు, ఏ రోజు ప్యాక్ చేశాం, ఎన్నాళ్ళుంటుంది, ఆకుపచ్చ గుర్తు, 14 అంకెల ఫుడ్ లైసెన్సు నంబరు. ఒక్కటి లేకపోయినా సరుకు వెనక్కొస్తుంది. మిఠాయి దుకాణంలో విడిగా అమ్మే లడ్డూకి కూడా ఎప్పటిలోపు తినాలో రాసిపెట్టమని 2020 అక్టోబర్ 1 నుంచి పెట్టారు. మరి స్కూపుకీ ముక్కకీ అలా రాయడానికి ఏం అడ్డు? ఓవెన్లోంచి ఎన్నింటికి తీశారో రాస్తే చాలు, మధ్యాహ్నం ముక్క రాత్రి దాకా అద్దాల పెట్టెలో గోరువెచ్చగా ఉందా లేదా అని మనకి తెలుస్తుంది. వేడి తిండి 60 డిగ్రీల పైన ఉండాలి, లేదంటే ఫ్రిజ్‌లో ఉండాలి, మధ్యలో గంటలు గంటలు ఉంచితేనే పాడవుతుంది.

కరెంటు మాట కూడా చెప్పాలి. ఐస్‌క్రీమ్ కరిగి మళ్ళీ గడ్డకడితే లోపల మంచు పలుకులు పెద్దవైపోయి పంటి కింద ఇసకలా తగుల్తాయి, అది తెలిసినవాళ్ళు తినరు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు. మా వీధిలో ఐస్‌క్రీమ్ అమ్మే పెద్దాయన కరెంటొచ్చిన రోజు ఫ్రీజర్లో డబ్బాలన్నీ తెచ్చి కాలవలో పారబోశాడు, ఒక్కటి కూడా మళ్ళీ గడ్డకట్టించి అమ్మలేదు. ఎంత నష్టమో ఆయనకే తెలుసు. ఆయన ఇప్పుడు లేరు.

మా వాడికి నేను చెప్పాను, ఏది పాలది ఏది నూనెది, చీజ్ ఎలాంటిది, ఈరోజు ముక్కలు ఎన్నింటికి చేశావు, ఇంతే ఒక నల్ల పలక మీద రాసి కౌంటర్ దగ్గర పెట్టు అని. ఇంగ్లీషులో రాస్తానన్నాడు. మా అత్తగారికి తెలుగు తప్ప రాదు, మా ఊళ్ళో అలాంటి ముసలివాళ్ళు ఇంటికొకరుంటారు, పిల్లలకి కొనిపెట్టేది కూడా వాళ్ళే. తెలుగు రాయడం రాదు మావుసీ అంటే నేనే కూర్చుని రాసిచ్చాను, ఒడియాలో వాడు రాసుకున్నాడు. పది రోజుల నుంచీ ఉంది ఆ పలక. పాల ఐస్‌క్రీమ్ స్కూపు 20 రూపాయలు ఎక్కువ, అయినా అడిగి తీసుకునేవాళ్ళున్నారు, నూనెది తీసుకునేవాళ్ళూ తెలిసే తీసుకుంటున్నారు, గిరాకీ ఏం తగ్గలేదని వాడే చెప్పాడు.

అందుకని మీ పేపర్ ద్వారా గంజాం జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారులకి నా విన్నపం, విడిగా స్కూపులూ ముక్కలూ అమ్మే ప్రతి కౌంటర్ దగ్గరా ఇలాంటి పలక పెట్టించండి, తెలుగూ ఒడియా రెండూ ఉండేలా చూడండి. పర్లాఖెముండి, రాయగడ, జయపురం వైపు ఉన్న మనవాళ్ళు కూడా డబ్బులిచ్చే ముందు ఒక్కసారి డబ్బా చూపించమని అడగండి. తెలుగులో రాసిచ్చేవాళ్ళు లేక ఆగిన షాపులు బరంపురంలో ఎక్కడైనా ఉంటే నేనొచ్చి రాసిస్తాను, సాయంత్రం నాలుగు దాటాక నాకు ఖాళీయే.

ఇట్లు,
అప్పడాల ఇంటి కోడలు,
బరంపురం, గంజాం జిల్లా