పదిహేను రోజుల గ్యారంటీ బోర్డు దించేశాను

నెల్లూరులో పొదలకూరు రోడ్డు మీద వెళ్తూ మా షాపు ముందు పసుపు బోర్డు చూసే ఉంటారు. "15 రోజుల్లో మీ కుక్క మీ మాట వింటుంది, గ్యారంటీ" అని రాయించాను. పోయిన సోమవారం దాన్ని దించేశాను. అప్పటినుంచీ షాపు మూసేస్తున్నావా అని ఫోన్లు. మూయడం లేదు. కానీ బోర్డు ఎందుకు దించానో ఉన్నదున్నట్టు చెప్పాలి. మీలో కొందరు ఆ బోర్డు చూసే నా చేతిలో డబ్బులు పెట్టారు.

నేను ఈ పని నేర్చుకున్నది చెన్నైలో ఒక కెన్నెల్‌లో, మూడేళ్లు బోనులు కడుగుతూ. అక్కడ నేర్పింది ఒక్కటే: కుక్కకి నువ్వే లీడర్‌వని తెలియాలి. చోక్ చైన్ (గుంజితే మెడ బిగించే గొలుసు) వేయి, తప్పు చేస్తే గట్టిగా ఒక గుంజు గుంజు. నిజం చెప్పాలంటే అది పనిచేస్తుంది కూడా. గుంజిన కుక్క గమ్మునుంటుంది. ఆ గమ్మునుండడాన్నే నేను ఏడేళ్లు ట్రైనింగ్ అని అమ్మాను.

రెండేళ్ల కిందట మాగుంట లేఅవుట్ నుంచి ఒక ల్యాబ్రడార్ వచ్చింది. అన్నం గిన్నె దగ్గరికి ఎవరైనా వెళ్తే గుర్రుమనేది. గుర్రుమన్నప్పుడల్లా గుంజాను. పన్నెండో రోజుకి చప్పుడు లేదు. తొమ్మిది వేలు తీసుకుని, వీడియో తీసి స్టేటస్ పెట్టుకుని, ఇంటికి పంపాను. నాలుగు నెలల తర్వాత ఆ ఇంటాయన ఫోన్: "అన్నా, గుర్రు కూడా అనలేదన్నా, గమ్మున ఉండి పిల్లోడి చెయ్యి కరిచేసింది." ఎనిమిదేళ్ల బాబు. వాళ్లు వెంటనే కుళాయి కింద పావుగంట సబ్బుతో కడిగి, ఆసుపత్రికి తీసుకెళ్లి రేబీస్ టీకాలన్నీ వేయించారు. బాబు బాగున్నాడు. నేను మాత్రం ఆ రోజు ఫోన్లో "మీ కుక్క రక్తమే అంత" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గుర్రుమనడం అంటే దగ్గరికి రావద్దు, నాకు భయంగా ఉంది అని కుక్క చెప్పడం. నేను భయాన్ని అట్టే ఉంచి, చెప్పే నోరు మూయించాను. ఇది నాకు తెలిసింది పద్నాలుగు నెలల ఆన్‌లైన్ కోర్సులో. రాత్రి షాపు కట్టేశాక పాఠాలు, వారానికొక వీడియో తీసి పంపాలి. నా మొదటి వీడియోని మూడుసార్లు వెనక్కి పంపారు. కుక్కకి నిద్రొస్తోంది అని రాశాను నేను. అది పెదాలు నాక్కుంటోంది, ఆవలిస్తోంది, తల పక్కకి తిప్పుకుంటోంది, ఇబ్బందిగా ఉందని ఇన్ని గుర్తులు చూపిస్తుంటే నీకు కనబడలేదా అని కోర్సు మేడమ్ అడిగారు. వేల కుక్కల్ని చూసినవాణ్ణి. నిజంగానే కనబడలేదు.

ఇంక ఆ లీడర్ కథ. ఒకరికొకరు సంబంధం లేని తోడేళ్లను ఒకే కంచెలో వేసి, అవి కొట్టుకోవడం చూసి రాసుకున్న లెక్క అది. తోడేళ్ల మీద పరిశోధన చేసే డేవిడ్ మీచ్ అనే ఆయన 1970లో రాసిన పుస్తకంతో బాగా ప్రచారమైంది. ఆయనే తర్వాత అడవి తోడేళ్లను ఏళ్లతరబడి చూసి, మంద అంటే అమ్మా నాన్నా పిల్లలూ ఉన్న మామూలు సంసారమేనని 1999లో రాశాడు. ఆత్మకూరు బస్టాండులో సీటు కోసం తోసుకునేవాళ్లను చూసి నెల్లూరు వాళ్ల కాపురాలు ఇట్లా ఉంటాయని రాస్తే ఎట్లా ఉంటుంది? అట్లాంటిదే ఆ లీడర్ లెక్క.

ఇప్పుడు గిన్నె దగ్గర గుర్రుమనే కుక్క వస్తే చైన్ ముట్టుకోను. అది తింటున్నప్పుడు, దాని ఒళ్లు బిగుసుకోనంత దూరంలో నిలబడి ఒక చికెన్ ముక్క విసిరి వెళ్లిపోతాం. కొన్నాళ్లకి ఒక అడుగు దగ్గరికి. మనిషి వస్తే గిన్నె పోదు, ఇంకా మంచిది వస్తుంది అని దానికి తెలియాలి. దీనికి వారాలు పడుతుంది. పైగా ఇది నా షెడ్డులో నేను చేస్తే లాభం లేదు, మీ ఇంట్లో మీరు చేయాలి. అందుకే కుక్కని 15 రోజులు నా దగ్గర వదిలేసి వెళ్లే ట్రైనింగ్ ఆపేశాను. తిరుమల వెళ్తున్నాం, రెండు రోజులు ఉంచుకో అంటే మాత్రం ఎప్పటిలాగే ఉంచుకుంటాను.

మొదటిసారి ఇంటికి వస్తే 1,200, గంటన్నర కూర్చుంటాను. తర్వాత వారానికొకసారి 800. ఎన్ని వారాలో ముందే చెప్పలేను. ఇది విని చాలామంది వెళ్లిపోయారు. రెండు నెలలుగా రాబడి సగానికి పడిపోయింది, అద్దె అంతే ఉంది. టెన్షన్ లేదని అబద్ధం చెప్పను.

పిల్లుల సంగతి. ఇన్నాళ్లూ పిల్లి అనగానే నా పని కాదనేవాణ్ణి. ఇప్పుడు చూస్తున్నాను. మొన్న మూలాపేటలో ఒక పిల్లి పరుపు మీద ఉచ్చ పోస్తోందని పిలిచారు. కొత్త కోడలి మీద పగ అని ఇంటిల్లిపాదీ తేల్చేశారు, ఆ అమ్మాయి నిజంగానే బాధపడుతోంది. ముందు డాక్టరుకి చూపించమన్నాను. మూత్రాశయంలో వాపు. మందులు వాడాక, పిల్లి ఉచ్చ పోసుకోవడానికి పెట్టిన ట్రే ఎక్కడుందో చూశాను, గడగడలాడే వాషింగ్ మెషిన్ పక్కన. దాన్ని ప్రశాంతమైన మూలకి మార్చి, ఇంకో ట్రే పెట్టించాను. ఎన్ని పిల్లులుంటే అంతకి ఒకటి ఎక్కువ ట్రేలు ఉండాలి. ఇప్పుడు పరుపు పొడిగా ఉంది, కోడలి మీద నింద పోయింది. ఒక్కటి గుర్తుంచుకోండి. మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతే నాకు ఫోన్ చేయొద్దు, ఆ గంటలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రాణం పోతుంది.

ఉన్నట్టుండి కుక్క స్వభావం మారినా అంతే, ముందు డాక్టరు, తర్వాత నేను. చెవిలో చీము పెట్టుకుని కరిచే కుక్కకి నేనేం నేర్పుతాను?

నా పాత నోటుపుస్తకంలో, చోక్ చైన్ వేసి నేర్పిన కుక్కలు నలభై ఆరు లెక్క తేలాయి. ఆ ఇళ్లన్నిటికీ రెండేసిసార్లు డబ్బు లేకుండా వస్తాను. ల్యాబ్రడార్ వాళ్ల ఇంటికి ఇప్పటికే వెళ్తున్నాను, మొదటి రోజు ఆయన నన్ను గేటు బయటే నిలబెట్టాడు, అది న్యాయమే. పోయిన వారం కుక్క మళ్లీ గుర్రుమంది. ఆయన భయపడ్డాడు, నేను మాత్రం హమ్మయ్య అనుకున్నాను.

ఆదివారాలు సెలవు. ఫోన్ చేసేటప్పుడు మాత్రం ముందు కుక్క పేరు చెప్పండి. మీ పేర్లు నాకు గుర్తుండవు.