మా పెద్దమ్మ ఆటకి సాయం చేసినవాళ్లకి

అందరికీ నమస్కారం. చిక్కడపల్లిలో మా బస్తీ పిల్లలతో ఆదివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడించాలనుంది, పాత పుస్తకాలుంటే ఇవ్వండి అని జూన్‌లో అడిగాను. పుస్తకం ఒక్కటీ రాలేదు. ఆట మాత్రం మొదలైంది! ఎలాగో చెప్పి దండం పెట్టుకోవాలి. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో: ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు అందులో పాత్రలు. కోట గోడ దూకుతానంటే, దూకగలిగారో లేదో 20 ముఖాల పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలో వచ్చిన ఆట. ముఖ్యమైన పుస్తకాలు మూడు, ధర వేలల్లో, పైగా ఇంగ్లీషు.

నిజం చెప్పాలంటే అప్పటికి దొంగ పీడీఎఫ్‌ల కోసం వెతుకుతున్నాను. కూకట్‌పల్లి తమ్ముడు ఫోన్ చేసి ఆపాడు. మూల నియమాలను 2023 జనవరిలో కంపెనీవాళ్లే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలేశారట. ఎక్కడిదో చెప్పి ఎవరైనా అనువదించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు.

ఆ 400 పేజీల్లోంచి మాకు కావలసింది 12 పేజీల తెలుగులోకి దించింది నల్లకుంట టీచరమ్మ. దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గే హిట్ పాయింట్స్‌కి 'ప్రాణం' చాలన్నారు. డంజన్ మాస్టర్‌కి నేను 'కథా నిర్వాహకుడు' అని రాస్తే కొట్టేసి 'పేదరాశి పెద్దమ్మ' అని పెట్టారు. ఇప్పుడు తొమ్మిదో తరగతి కుర్రాడు మీసాలు దువ్వుకుంటూ "ఈ వారం నేనే పెద్దమ్మని" అంటుంటే చూడాలి.

పాచికల బదులు అష్టాచెమ్మా గవ్వలు వాడదామనుకున్నాను. రిటైరైన లెక్కల మాస్టారు ఒప్పుకోలేదు. నాలుగు గవ్వలు పడే తీరులు 16, అందులో ఆరు తీరుల్లో 'రెండు' పడుతుంది, ఇక అన్ని అంకెలకీ సమాన అవకాశం ఎక్కడిదయ్యా అన్నారు. వాళ్లింట్లోని హౌసీ డబ్బా తెచ్చి, 1 నుంచి 20 దాకా బిళ్లలు ఏరి గుడ్డసంచిలో వేసిచ్చారు. తీసిన బిళ్ల మళ్లీ సంచిలో వేసి కలపాలి, అంతే.

మా గుంపులో చూపు లేని బాబు ఒకడున్నాడు. వాడి కోసం అంధుల బడిలో పనిచేసే మేడమ్ ఒకరు ఆ బిళ్లలకి సరిపడా అట్టముక్కల మీద బ్రెయిలీ అంకెలు పొడిచి ఇచ్చారు, అతికించాం. మూడు వారాలు వాడికి ఎదురే లేదు. ఏ రాక్షసుడొచ్చినా 19, 20! సంచిలోనే వేళ్లతో తడిమి ఏరుకుంటున్నాడని నాలుగో వారం గానీ మాకు వెలగలేదు. దొరికిపోయాక అందరికంటే గట్టిగా నవ్వింది వాడే. ఇప్పుడు వాడికి పక్కవాళ్లు బిళ్ల తీసి చేతిలో పెడతారు, చదివేది వాడు. పక్కవాళ్లవి కూడా వాడే చదువుతానంటాడు, అది వేరే గొడవ.

కోఠి జిరాక్స్ అన్న 15 కాపీలు స్పైరల్ బైండింగ్ చేసి కాగితం డబ్బులే తీసుకున్నాడు. మేడ మీద గది ఇచ్చిన ఆంటీ అద్దె మాట ఎత్తనివ్వలేదు, చెప్పులు మాత్రం కిందే వదలాలి.

మీరంతా పంపిన డబ్బుల్లో 460 రూపాయలు మిగిలాయి. 20 ముఖాల పాచిక ఒక్కటైనా కొందామంటే పిల్లలు సమోసాలంటున్నారు. డబ్బులిచ్చినవాళ్లే శనివారంలోపు తేల్చండి.