గెడ్డ ఎక్కడికి పోయింది?

సంపాదకులకు,

మే నెలలో మీ పత్రిక ప్రకటనల పేజీలో నాలుగు లైన్లు మా ఆవిడ కంటపడ్డాయి. ‘శృంగవరపుకోటలో ఆరు సెంట్లలో ఇల్లు, కొత్తగా అమ్మకానికి, కొండ ముఖంగా, బావి ఉంది, 42 లక్షలు.’ విశాఖలో పద్దెనిమిదేళ్లుగా మూడో అంతస్తు ఫ్లాటులో ఎదుటివాళ్ల వంటింటి కిటికీ చూస్తూ బతుకుతున్నవాళ్లం. ‘కొండ ముఖంగా’ అన్న మాట చాలు, మర్నాడే బయలుదేరడానికి. పైగా నేను కొత్తవలస–కిరండోల్ లైనులో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాను. కోట దాటి బొడ్డవర, శివలింగపురం వచ్చేసరికి బండి కొండెక్కడం మొదలుపెడుతుంది. బ్రేకు వ్యానులో కూర్చుని ఆ మలుపు చూస్తూ, చివరికి ఇక్కడే ఎక్కడో ఒక కప్పు కింద ఉండాలని చాలాసార్లు అనుకున్నాను.

ఇల్లు బాగుంది. అబద్ధమెందుకు? పెంకు తీసి శ్లాబు వేశారు, కొత్తగా సున్నం కొట్టారు. పెరట్లో పనస చెట్టుకు కాయలెన్నో మా ఆవిడ లెక్కపెడుతోంది. బేరం నలభైకి దిగింది, రెండు లక్షలు బయానా ఇమ్మన్నారు. బ్రోకరు మాటకు ముందు ‘అన్నగారూ’ అంటున్నాడు, మాట తరువాతా ‘అన్నగారూ’ అంటున్నాడు.

బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే వీధి మలుపులో రోడ్డుకు రెండు పక్కలా నడుమెత్తు గోడలు కనిపించాయి. కల్వర్టు. రైల్వేలో ప్రతి కల్వర్టుకూ ఒక నంబరు ఉంటుంది. నీళ్లు రాని చోట ఎవరూ కల్వర్టు కట్టరన్నది మాకు అలవాటైన లెక్క. వంగి చూశాను. ఎగువ వైపు నోరు తెరిచే ఉంది. దిగువ వైపు నోటికి అడ్డంగా ఒక ప్రహరీ నిలబడింది. ఏ ప్రహరీయో చెప్పనక్కరలేదు. వానాకాలంలో మా ట్రాక్‌మన్లు రాత్రిళ్లు దీపం పట్టుకుని వంతెనల కింద ప్రమాద మట్టం గీత చూసేవారు. అలాంటి లైనులో ముప్ఫై ఏళ్లు తిరిగి, పనసకాయలకు పడిపోయి బయానా ఇవ్వబోయానే అని నా మీద నాకే కోపం వచ్చింది.

పక్కింటి అరుగు మీద చింతపండు పిక్క తీస్తున్న పెద్దావిడను అడిగాను, హుద్‌హుద్ తుపానులో ఇక్కడికి నీళ్లు వచ్చాయా అని. ఆవిడ లేచి, గుమ్మం పక్క గోడ మీద మోకాలి ఎత్తున చెయ్యి పెట్టింది. ‘గెడ్డ ఇటు తిరిగేసింది బాబూ. గిన్నెలూ బియ్యం డబ్బా మంచమెక్కించి, మేము బెంచీ మీద కూర్చున్నాం’ అంది. మిగతా జిల్లాలవాళ్ల కోసం చెబుతున్నాను, కొండ మీంచి దిగే వాగును మా వైపు గెడ్డ అంటాం. ఏడాదిలో ఎనిమిది నెలలు ఎండిపోయి ఉంటుంది. మేక పిల్లలు పడుకుంటాయి. అందుకే దాన్ని ఖాళీ స్థలం అనుకోవడం తేలిక.

తరువాత కాగితాలు. బ్రోకరు ఇచ్చిన ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం, శుభ్రంగా ఉంది. తాకట్టు లేదు, తగాదా లేదు. కానీ ఆన్‌లైనులో వచ్చే ఈసీ 1983 నుంచే. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పుస్తకాలు తిప్పించి చూసుకోవాలి. రెండు రోజులు తిరిగి 1976 నాటి క్రయ దస్తావేజు నకలు తీసుకున్నాను. అందులో విస్తీర్ణం నాలుగున్నర సెంట్లు, తూర్పు హద్దు ‘గెడ్డ’. 1998 దస్తావేజులో అయిదు సెంట్లు, తూర్పున ‘గెడ్డ గట్టు’. 2019కి వచ్చేసరికి ఆరు సెంట్లు, తూర్పున ‘ఖాళీ స్థలం’. స్థలం పెరిగింది, గెడ్డ మాయమైంది. మూడు దస్తావేజులూ రిజిస్టరైనవే.

ఆరు సెంట్లూ నా పేరిట రాస్తే స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను ఫీజు కలిపి నూటికి ఏడున్నర చొప్పున నలభై లక్షల మీద మూడు లక్షలు కట్టాలి. అంత తీసుకునే చోట ‘అయ్యా, వెనకటి దస్తావేజులో ఈ పక్క గెడ్డ ఉంది, అది ఏమైంది?’ అని ఒక్క ప్రశ్న అడిగే ఏర్పాటు లేదు. రిజిస్టరు చేయకూడని భూముల నిషేధిత జాబితా చూస్తారు, నిజమే. ఈ సర్వే నంబరు పట్టా భూమిదే కనుక అది జాబితాలో లేదు. పక్కనున్న గెడ్డ పోరంబోకులోకి, అంటే ప్రభుత్వ భూమిలోకి, గోడ జరిగితే జాబితాకు ఏం తెలుస్తుంది? సర్వే శాఖ దగ్గర ప్రతి నంబరుకూ కొలతల పటం ఉంటుంది, ఎఫ్‌ఎంబీ అంటారు. ఆ నకలు జత చేస్తేనే ఇల్లు రిజిస్టరు చేస్తామంటే, పదిమందిలో తొమ్మిదిమంది అమ్మకందార్లకు నష్టం లేదు. ఆ పదోవాడి కోసమే అడుగుతున్నాను.

మీకూ ఒక మనవి. ఇళ్ల ప్రకటనలో సర్వే నంబరు తప్పనిసరి చేయండి. ఒక లైను పెరుగుతుంది, దానికీ మీరు డబ్బు తీసుకుంటారు కదా. కొనేవాడు విశాఖలోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి ఫొటో చూసి మనసు పడుతున్నాడు. ఆ ఫొటోలు వేసవిలోనే తీస్తారు.

మేము బయానా ఇవ్వలేదు. మా ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు, ఆ పనస చెట్టు సంగతి ఇప్పటికీ ఎత్తుతుంది. మొన్నటి ఆదివారం మీ పత్రికలో ఆ ఇల్లే మళ్లీ ‘కొత్తగా అమ్మకానికి’ వచ్చింది, 39 లక్షలకు. ఈసారి ఫొటోలో కల్వర్టు గోడల మీద వరసగా పూలకుండీలు పెట్టారు.

– విశ్రాంత రైల్వే గార్డు, విశాఖపట్నం