ముందు రాళ్ల సంగతి తేలాలి

ప్రియమైన వాసూ,

ఎన్నాళ్లకు రాశావురా! ఉప్పునీటి చేపల కోసం కొన్న నాలుగడుగుల ట్యాంకు ఇంటికి చేరిందని, పిల్లలు రాబోయే చేపలకు అప్పుడే పేర్లు పెట్టేశారని చదివి మనసు నిండిపోయింది. క్లౌన్ చేపల గురించి, లైట్ల గురించి రెండు పేజీలు రాశావు. రాళ్ల గురించి మాత్రం ‘అవి ఎక్కడైనా దొరుకుతాయి కదా’ అని ఒక్క ముక్కతో సరిపెట్టావు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క ముక్కకే జవాబు అనుకో.

రీఫ్ ట్యాంకుకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకుకు, అసలు ఫిల్టరు రాయే. చేపలు విడిచే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ రాతి రంధ్రాల్లోనే కాపురం పెడుతుంది. ఇంకా లోపల, ఆక్సిజన్ సరిగా అందని చోట పెరిగే మరో రకం బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌లో కొంత భాగాన్ని నైట్రోజన్ వాయువుగా మార్చి సాగనంపుతుంది. అందుకే రాయి ఎంత గుల్లగా ఉంటే అంత మంచిది.

అండమాన్ వెళ్తున్న మీ బావగారి చేత పగడపు రాళ్లు తెప్పిస్తానన్నావు. ఆ ఆలోచన ఇప్పుడే మానుకో. 2001లో రాతి పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. ఒడ్డున ఏరిన చచ్చిన ముక్క అయినా సరే, తేకూడదు. చట్టం మాట పక్కన పెట్టినా, 1998లో, 2010లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు తెల్లబడిపోయాయి. పగడాలంటే మనకు ఇష్టం కాబట్టే ఈ ట్యాంకు పెడుతున్నాం. అలాంటప్పుడు అక్కడి నుంచి ఒక్క ముక్క కూడా మన కోసం కదలకూడదు.

ఋషికొండ దగ్గర రాళ్లు ఏరుకుంటే సరిపోదా అని కూడా అడిగావు. మీ విశాఖ కొండల్లో ఉన్నది ఖొండలైట్. అది ఇనుము ఎక్కువగా ఉండే రాయి, సున్నపురాయి కానే కాదు, పనికిరాదు. మరి నాపరాయి? అది నిజంగా సున్నపురాయే. వంటగట్టు మీద నిమ్మరసం ఒలికితే మచ్చ పడేది అందుకే. కానీ మరీ గట్టి రాయి. లోపల రంధ్రాలు ఉండవు కాబట్టి బ్యాక్టీరియాకు పైపొర తప్ప చోటు దొరకదు.

కొనాల్సింది డ్రై రాక్, అంటే ప్రాణులేవీ లేని పొడి రాయి. ఇందులో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి నేల మీది గనుల నుంచి తవ్వినది. ఫ్లోరిడాలో ఒకప్పటి పగడపు దిబ్బలు ఇప్పుడు నేలపై సున్నపురాయిగా మిగిలి ఉన్నాయి. అక్కడి కీ లార్గో సున్నపురాయి సుమారు 1,25,000 ఏళ్ల కిందటిది. అలాంటి రాయి తవ్వితే బతికున్న పగడానికి ఏ హానీ లేదు. రెండోది మనుషులు పోతపోసి తయారు చేసినది. అది కూడా మంచిదే, కాకపోతే సిమెంటుతో చేసినదైతే నీటి పీహెచ్ పెరగడం ఆగేదాకా నానబెట్టాలి.

దుకాణంలో రాయిని చేతిలోకి తీసుకుని చూడు. పరిమాణాన్ని బట్టి నువ్వు అనుకున్న దానికంటే తేలికగా ఉండాలి. రవ్వదోశలా చిల్లులు చిల్లులుగా కనిపించాలి. దాని మీద ఒక నీటి చుక్క వెయ్యి. చుక్క గుండ్రంగా నిలిచిపోకుండా క్షణంలో లోపలికి ఇంకిపోయి, తడి మరక అంచులు మెల్లగా విస్తరిస్తుంటే ఆ రాయి తీసుకో. అనుమానం ఉంటే ఒక మూల వెనిగర్ చుక్క వేసి చూడు, నురగ వస్తే అది సున్నపురాయే. ఎనిమిది లీటర్లకు ఒక కిలో అనేది పాత లెక్క. అలా చూస్తే మీ 250 లీటర్ల ట్యాంకుకు సుమారు 31 కిలోలు అవుతుంది. అంత వద్దు. గుల్ల రాయి అయితే 20 కిలోలు చాలు. మిగిలిన చోటులో నీళ్లు తిరగనీ.

ఎవరో వాడేసిన పాత రాళ్లు చవకగా వస్తే మాత్రం జాగ్రత్త. వాటిని ఎట్టి పరిస్థితుల్లోనూ ఉడకబెట్టకు. అలాంటి రాళ్లకు అంటుకుని ఉండే జోయాంథిడ్‌లు అనే పగడపు జాతి జీవుల్లో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. ఆవిరితో అది గాల్లో కలిసి ఇళ్లకు ఇళ్లే ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. పిల్లలున్న ఇల్లు మీది.

ఇక శుభ్రం చేయడం. గట్టి బ్రష్షుతో రుద్ది, దుమ్మంతా పోయేలా కడుగు. తరువాత సువాసన కలపని బ్లీచు ఒక వంతు, నీళ్లు పది వంతులు కలిపి కొన్ని రోజులు నానబెట్టు. లోపల ఎండిపోయిన జీవపదార్థం కరిగిపోతుంది. బాగా కడిగి, క్లోరిన్ విరుగుడు మందు కలిపిన నీళ్లలో ఉంచి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండబెట్టు. కొందరు యాసిడ్‌తో పైపొరను కరిగిస్తారు. పని త్వరగా అవుతుంది కానీ ఇంట్లో ఆ పని నాకు నచ్చదు. బ్లీచూ యాసిడూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుందని మాత్రం మరిచిపోకు.

అసలు ఓపిక కావలసింది దీని తరువాతే. సున్నపురాయి నాచుకు మేత అయిన ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచుకుంటుంది, నీళ్లలో వేశాక నెమ్మదిగా వదులుతుంది. మూత ఉన్న డ్రమ్ములో ఆర్.ఓ. నీళ్లకు లీటరుకు 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పు కలిపి, హీటరు, పంపు పెట్టి, రాళ్లను చీకట్లో ఉంచు. వెలుతురు తగిలితే నాచు పడుతుంది. వారం వారం ఫాస్ఫేట్ పరీక్షించు. నీళ్లు మార్చిన రోజు తక్కువ చూపిస్తుంది, నాలుగు రోజులకు మళ్లీ పైకి లేస్తుంది. అది రాతి లోపలి నుంచి వస్తున్నది. ఆ లేవడం ఆగి, అంకె 0.1 పీపీఎం (పది లక్షల్లో 0.1 వంతు) కంటే కింద నిలబడేదాకా నీళ్లు మారుస్తూనే ఉండు. ఒక్కోసారి నెలలు పట్టవచ్చు, పట్టనీ. అలాగని ఫాస్ఫేట్‌ను పూర్తిగా సున్నా చేయకు. పోషకాలు బొత్తిగా లేని కొత్త ట్యాంకులో డైనోఫ్లాజెల్లేట్లు అనే కంటికి కనపడని సూక్ష్మజీవులు గోధుమరంగు జిగురులా పట్టుకుని వదలవు.

అదే సమయంలో బ్యాక్టీరియా సీసా ఒకటి పోసి, అమ్మోనియం క్లోరైడ్‌తో అమ్మోనియాను 2 పీపీఎంకు తీసుకెళ్లు. ఒక్క రోజులో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే రాళ్లు సిద్ధమైనట్టే.

పేర్చేటప్పుడు అడుగు రాళ్లు ఇసుక మీద కాకుండా గాజు మీదే ఆనాలి. లేకపోతే ఇసుక తవ్వే చేపలు, రొయ్యలు వాటి కింద గుంత చేస్తే గుట్ట కూలుతుంది. వెనక గాజుకూ రాళ్లకూ మధ్య చెయ్యి పట్టే సందు వదులు.

సంక్రాంతికి వస్తాను కదా, నా ట్యాంకులో కోరలైన్ అనే ఊదారంగు నాచు గట్టి పొరలా పట్టిన పిడికెడంత రాయి ఒకటి ఉప్పునీళ్ల డబ్బాలో పెట్టి తెస్తాను. దాని నుంచి మీ రాళ్లకు రంగు పాకుతుంది. ఈలోగా రాళ్లు కొనగానే నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి పంపు. నేను చూసేదాకా రాళ్లు అంటించే జిగురు మూత తీయకు.

నీ
రఘు